మేడ మీద వాళ్ళకి రేపటి సంగతి తెలీదు

చిరంజీవికి,

బీటిల్స్ అనే ఇంగ్లీషు పాటల బ్యాండు మేడ మీద చేసిన కచేరీ గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటి పేరా దగ్గరే ఒళ్ళు మండింది. "అదే ఆఖరి కచేరీ అని ఆ చలిగాలికి కూడా తెలుసు" అన్నావు. గాలి సంగతి దేవుడెరుగు, వాయిస్తున్నవాళ్ళకే తెలీదమ్మా!

1969 జనవరి 30, లండన్, మూడో నంబరు సావిల్ రో, అంటే బీటిల్స్ ఆఫీసు. బీటిల్స్ వీడ్కోలు చెప్పడానికే మేడెక్కారని తేల్చేశావు. అసలు సంగతి వేరు. ఆ నెలంతా వాళ్ళ మీద తీస్తున్న సినిమాకి ఓ ముగింపు కావాలి. లిబియాలో పాత రోమన్ రంగస్థలం అనుకున్నారు, ఓడ అనుకున్నారు, ఏదీ కుదరలేదు. చివరికి సొంత ఆఫీసు పైకప్పే దిక్కయింది. మర్నాడు మళ్ళీ అదే భవనంలో కింద కూచుని 'లెట్ ఇట్ బి' రికార్డు చేసుకున్నారు. ఆ వేసవికి 'యాబీ రోడ్' ఆల్బమ్ పనిలో పడ్డారు. విడిపోయారన్న వార్త పత్రికల కెక్కింది 1970 ఏప్రిల్లో. ఆ ఏప్రిల్ సంగతి నీకు తెలుసు గనక జనవరి నిండా కన్నీళ్ళు కుమ్మరించావు.

ఎవరితోనైనా నేను పోట్లాడేది దీని గురించే. ఆ మధ్యాహ్నం గురించి రాస్తే ఆ మధ్యాహ్నంలోనే ఉండు. గాలి హోరు మైకుల్లో పడుతోందని అప్పటికి కుర్రాడైన రికార్డింగు సహాయకుడు ఆలన్ పార్సన్స్‌ని బజారుకి తరిమారు, ఆడవాళ్ళ మేజోళ్ళు కొనుక్కు రమ్మని. అవి మైకులకి తొడిగారు. డ్రమ్ములు వాయించే రింగో తన భార్య ఎర్ర రెయిన్‌కోటు వేసుకున్నాడు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి గిటారు మీద కార్డ్స్ (స్వరాల గుత్తులు) పట్టలేకపోతున్నానని, పాడుతున్న లెనన్ పాటకీ పాటకీ మధ్య గొణిగాడు. ఇన్ని ఉండగా నీకు గాలి మనసులో మాట ఎందుకు?

నీ వ్యాసంలో ఒక్క చోట ఆగిపోయాను. 'డిగ్ ఎ పోనీ' పాడేటప్పుడు బ్యాండు సహాయకుడు కెవిన్ హారింగ్టన్ లెనన్ ముందు మోకాళ్ళ మీద కూచుని పాట రాసిన కాగితం పట్టుకున్నాడని రాశావు చూడు, అది బాగుంది. సొంత పాట మాటలే ఇంకా నోటికి రానంత కొత్తగా ఉన్నాయన్నమాట. వీడ్కోలు చెప్పేవాళ్ళు కొత్త పాటలు సాధన చేస్తారా? నీ చేతిలోనే సాక్ష్యం పెట్టుకుని తీర్పు తల్లకిందులు చేశావు.

'నలుగురు' అని పదే పదే అన్నావు. బిల్లీ ప్రెస్టన్ ఏడి? మేడ మీద ఎలక్ట్రిక్ పియానో వాయించింది ఎవరు? 'గెట్ బ్యాక్' రికార్డు మీద బీటిల్స్ పక్కన ఆయన పేరు అచ్చేశారు. నలభై రెండు నిమిషాల కచేరీలో ఆ పాటే మూడుసార్లు వాయించారు. మూడోసారికి పోలీసులు పైకొచ్చేశారు. ఆంప్లిఫయర్ కట్టేస్తే గిటారు వాయించే హారిసన్ మళ్ళీ వేశాడు. అన్నిసార్లు ఎందుకంటే, టేకు సరిగ్గా రావాలి గనక. చివర్న లెనన్ "ఆడిషన్‌లో పాసయ్యామనుకుంటాను" అన్న ధోరణిలో విసిరిన మాట బ్యాండువాళ్ళు రోజూ ఆడుకునే హాస్యం. నువ్వు దాన్ని మరణవాంగ్మూలం చేసేశావు.

నా రోజుల్లో ఈ వివరాల కోసం హైదరాబాదు బ్రిటిష్ లైబ్రరీలో పాత పత్రికలు తిరగేసి చేత్తో ఎత్తి రాసుకున్నాను. ఇంట్లో ఉన్నది పక్కింటాయన ఇచ్చిన అరిగిన కేసెట్టు. ఓ వారపత్రికకి పంపితే ఎడిటరుగారు మేజోళ్ళ పేరా మొత్తం కత్తిరించి, 'ఒక శకం ముగిసింది' అని శీర్షిక తగిలించారు. పారితోషికం ఎగ్గొట్టారు, సరే. ఆ పేరా పోయిందే, దానికి ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఇప్పటి వీడియోలదీ అదే వరస. నలుపు తెలుపు ఫొటో, వెనక వయొలిన్, చచ్చిపోయినవాళ్ళ గురించి చెప్పే గొంతు. ఆ గొంతు నీకు అంటుకుంది, అందుకే ఇంత కోపం.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు ఇది తేలనీ. మొదటి పేరా కొట్టెయ్. మేజోళ్ళ బేరంతో మొదలుపెట్టు, ప్రెస్టన్‌ని పియానో దగ్గర కూచోబెట్టు. 1970 అన్న అంకె ఎక్కడా కనపడకుండా మళ్ళీ రాసి నాకే పంపు.

ఆశీస్సులతో.