డీ అండ్ డీలో రాండమ్ ఎన్‌కౌంటర్లు ఆటను సాగదీస్తున్నాయి, తీసేయమంటారా?

తీసేయొద్దు. డీ అండ్ డీ అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, తలా ఒక పాత్ర తీసుకుని కథలా ఆడే ఆట. దారిలో ఎవరు ఎదురుపడతారో డైస్‌తో తేల్చడమే రాండమ్ ఎన్‌కౌంటర్. మీరు ఆ ఆటలో ఫిఫ్త్ ఎడిషన్ ఆడిస్తున్నారు, అడవిలో ప్రయాణమప్పుడు డైస్ వేసి తోడేళ్లను దింపుతున్నారు, ఫైట్ ముప్పావుగంట తినేస్తోంది, అది అయ్యాక కూడా కథ ఉన్నచోటే ఉంటోంది. ఇదే కదా మీ బాధ? ఎదురుపడిన ప్రతిదీ కొట్టడానికే వచ్చిందన్నట్టు ఆడిస్తే ఎవరి టేబుల్ మీదైనా ఇంతే. హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా ఆదివారాలు స్నేహితులకి డీఎంగా, అంటే ఆట నడిపించేవాడిగా ఉంటున్నాను. మా దగ్గర పనిచేసింది చెబుతాను.

ముందు ఈ రూల్ దేనికి పెట్టారో చూడండి. 1974లో వచ్చిన మొదటి డీ అండ్ డీలోనే వాండరింగ్ మాన్‌స్టర్స్, అంటే తిరుగుతూ ఎదురుపడే జీవులు ఉన్నాయి. 1981 బేసిక్ సెట్‌లో లెక్క ఇంకా తేటగా ఉంటుంది. డంజన్‌లో, అంటే నేలమాళిగ లాంటి చోట, పది నిమిషాలు ఒక టర్న్. రెండు టర్న్‌లకోసారి డీఎం డీ6 (ఆరు ముఖాల డైస్) వేస్తాడు, 1 పడితే ఎవరో వస్తున్నట్టు. కాగడా ఆరు టర్న్‌లు వెలుగుతుంది. అంటే ఒక కాగడా ఆరిపోయేలోపు మూడుసార్లు డైస్ పడుతుంది, ఒక్కసారైనా ఎవరో తగలడానికి 42 శాతం అవకాశం. ఇక ఎక్స్‌పీ (లెవెల్ పెరగడానికి కావలసిన పాయింట్లు) అంటారా, ఎక్కువగా బంగారానికే, నాణేనికి ఒక పాయింట్. గోబ్లిన్‌ని (చిన్న సైజు రాక్షసుణ్ణి) చంపితే వచ్చేది 5, ఫైటర్ (యోధుడి పాత్ర) రెండో లెవెల్‌కి కావలసింది 2000! దారిన పోయే గోబ్లిన్ల దగ్గర బంగారం ఏపాటి ఉంటుంది? కాబట్టి వాటితో కొట్లాట శుద్ధ దండగ. ప్రతి గోడా తట్టి చూస్తూ కూర్చుంటే టైమ్ పోతుంది, టైమ్ పోయేకొద్దీ ఎవరో ఒకరు వస్తారు. ప్లేయర్లకి ఉండే టెన్షన్ అదే.

ఫిఫ్త్ ఎడిషన్‌లో ఇది తిరగబడింది. 2014 పుస్తకాల ప్రకారం గోబ్లిన్‌కి 50 ఎక్స్‌పీ, రెండో లెవెల్‌కి 300 చాలు. కొడితే లాభం ఉన్నప్పుడు ప్లేయర్లు కొట్టక ఏం చేస్తారు? పైగా ప్రయాణంలో రోజుకో ఫైట్, రాత్రి లాంగ్ రెస్ట్. తెల్లారేసరికి హిట్ పాయింట్లూ (ప్రాణబలం) స్పెల్సూ (మంత్రాలు) అన్నీ మళ్లీ నిండుగా ఉంటాయి. భయం లేదు, ఖర్చూ లేదు. బోర్ కొట్టదా మరి.

నేను బేసిక్ నుంచి తెచ్చుకుని ఇప్పటికీ వదలనిది రియాక్షన్ రోల్. ఎదురుపడ్డవాళ్లు ఏ మూడ్‌లో ఉన్నారో 2డీ6 (రెండు డీ6లు కలిపి) వేసి చూస్తాం. 2 పడితే వెంటనే మీద పడతారు. 3 నుంచి 5 అయితే గుర్రుగా ఉంటారు, కొట్టినా కొట్టొచ్చు. 6 నుంచి 8 అయితే ఏం చేయాలో తేల్చుకోలేరు. 9 నుంచి 11 అయితే దాడి చేయరు, తమ దారిన పోతారు లేదా బేరానికి చెవొగ్గుతారు. 12 అయితే దోస్తీయే. చూడగానే దాడి 36లో ఒక్క వంతు. ఎటూ తేలని ఆ మధ్య భాగానికే 44 శాతం పోతుంది.

మా టేబుల్ మీద జరిగిందొకటి చెబుతాను. పార్టీ, అంటే ప్లేయర్ల పాత్రల గుంపు, పాడుబడ్డ గనిలో ఉంది. చివరి కాగడా సగం కాలిపోయింది, క్లెరిక్ (పూజారి పాత్ర) దగ్గర స్పెల్స్ లేవు. డీ6 మీద 1 పడింది. వచ్చింది నలుగురు గోబ్లిన్లు. రియాక్షన్ 9. ఏం చేస్తున్నారో చెప్పే చిన్న పట్టిక ఒకటి రాసుకున్నాను, అందులో 'ఏదో మోసుకుపోతున్నారు' అని వచ్చింది. ఏదో అంటే ఏది? తలుపు అనేశాను. తాళం, గడియ, బందులతో సహా ఊడబెరికిన పెద్ద చెక్క తలుపు. ముందున్న గోబ్లిన్‌కి గోదావరి యాస పెట్టాను: "ఆయ్, కాస్త పక్కకి జరుగుతారేంటండీ, చేతులు లాగేత్తన్నాయండీ." కత్తి దూసిన మా ఫైటర్ నవ్వు ఆపుకోలేక దించేశాడు. రోగ్ (దొంగ పాత్ర) ఆడే అమ్మాయి కళ్లు మాత్రం తాళం మీదే ఉన్నాయి. ఈ తలుపు ఎక్కడిది అని అడిగింది. అప్పటికి నాకూ తెలియదు. "కింద అంతస్తుదండీ. దాని ఎనకాలున్నది బయటికొచ్చేసిందండీ, ఇంక దానికి తలుపెందుకండీ" అన్నాను. ఎండుమాంసం మూట ఒకటి ఇచ్చి బయటికి దగ్గరి దారి కనుక్కున్నారు. ఆ బయటికొచ్చింది ఏమిటన్నదే తర్వాత చాలా వారాల ఆట.

మీ తోడేళ్లకీ ఇదే చేయండి. అవి జింకను తరుముతూ అడ్డం రావచ్చు, గాయపడ్డ గుర్రం చుట్టూ తిరుగుతుండొచ్చు. ఎంత దూరంలో కనబడ్డాయో కూడా డైస్‌తోనే తేల్చండి. బేసిక్ డంజన్‌లో అయితే 2డీ6ని పదితో గుణించి, అన్ని అడుగుల దూరం. దూరంగా కనిపిస్తేనే తప్పించుకోవాలా, పలకరించాలా అని ప్లేయర్లు ఆలోచిస్తారు.

కొట్లాటే వచ్చిందనుకోండి, మొరేల్ చెక్ (శత్రువుల ధైర్యం నిలుస్తుందా అని) వేయండి. శత్రువుల్లో మొదటివాడు పడ్డప్పుడు ఒకసారి, సగంమంది పడ్డప్పుడు ఇంకోసారి 2డీ6 వేస్తాం, వాళ్ల మొరేల్ అంకె దాటితే పరుగే. బేసిక్‌లో గోబ్లిన్లకి అది 7. మీ ముప్పావుగంటలో సగం ఇక్కడే మిగులుతుంది.

ఎవరు ఎదురుపడతారో చెప్పే పట్టిక మీరే తయారు చేసుకుంటే డీ12, డీ8 కలిపి వేసేలా పెట్టుకోండి. 2 నుంచి 20 దాకా వస్తుంది, 9 నుంచి 13 వరకు అన్నింటికీ సమాన అవకాశం. ఆ ప్రాంతంలో మామూలుగా తిరిగేవాళ్లని అక్కడ పెట్టండి, డ్రాగన్‌ని 20లో పెట్టండి. 96లో ఒక్కసారి పడుతుంది. పడ్డా దిగనక్కర్లేదు, తలమీదుగా ఎగిరిపోతే చాలు, మీవాళ్లు రాత్రంతా మంట వేసుకోరు.

ఇవన్నీ ఆట మధ్యలో వేస్తూ కూర్చుంటే మళ్లీ సాగుతుంది. నేను ముందురోజే కొన్ని వేసి, ఎవరు, ఎంత దూరంలో, ఏం చేస్తూ అని చీటీల మీద రాసిపెట్టుకుంటాను. ఇక ఊరి నుంచి ఊరికి పోయే మామూలు దారైతే, టైమ్‌తో పనేమీ లేకపోతే, డైస్ ముట్టుకోను. 'మూడు రోజుల్లో చేరారు' అనేస్తాను.