రాయి విసిరిన చేతికి మూకుడు ఇవ్వు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

సెల్లారులో ఈనిన కుక్క మీద చిన్నవాడు రాయి విసిరాడని, నువ్వు వాణ్ని కూర్చోబెట్టి శిబి చక్రవర్తి కథ చెప్పావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. తొడకండ కోసి ఇచ్చేంత దయ ఏడేళ్లవాడికి ఇప్పుడే అక్కర్లేదమ్మా. వాడు క్రూరుడవుతాడని బెంగపడకు. వాడికి ఉన్నది భయం. 2023లో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయినప్పటి నుంచి, కుక్క కనబడితే చాలు, నువ్వు వాడి చెయ్యి పట్టుకుని పక్కకు లాగుతున్నావు. తల్లివి, తప్పనను. కానీ హడలిపోయే పిల్లవాడికి జాలి ఎక్కదు. ముందు ఆ భయాన్ని జాగ్రత్తగా మార్చాలి.

ఇకపై కుక్క ఎదురైతే లాగకుండా ఆగు. దూరం నుంచే చూపించి అడుగు: తోక ఎలా ఉంది? చెవులు వెనక్కి వాల్చిందా? గుర్రుమంటోందా? తింటున్న కుక్క, నిద్రపోతున్న కుక్క, పిల్లలున్న తల్లికుక్క, వీటి జోలికి వెళ్లకూడదని వాడికి తెలియాలి. మీదికి వస్తే అరవకుండా, పరుగెత్తకుండా, చేతులు ఒంటికి ఆనించుకుని కదలకుండా నిలబడాలి. ఇంట్లో ఆటలాగా చేయించు, నువ్వే కుక్కవై మొరుగు. ఆ తల్లికుక్కకు కావలసింది మనం దూరంగా ఉండటమేనని అర్థమైతే రాయి అవసరం వాడికే ఉండదు. ఎదుటివాళ్లకు ఏం వద్దో కనిపెట్టడం మన ఇంటి పెద్దల్లోనే చాలామందికి రాదు, ఆ సంగతి వేరు.

చెవి కొసన చిన్న గాటు ఉన్న కుక్కలను కూడా చూపించు. సంతానం కలగకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే తిరిగి వదిలారనడానికి అది గుర్తు. మీ వీధిలో అలాంటివి ఎన్నున్నాయో లెక్కపెట్టమను. నాలుగు రోజులయ్యేసరికి వాటికి పేర్లు పెట్టేస్తారు. పేరు పెట్టుకున్న కుక్క మీద రాయి విసరబుద్ధి కాదు. గాటు లేనివి కనబడితే మున్సిపాలిటీవారికి చెప్పడం నీ పని.

ఒక మాట మాత్రం వాడికి గట్టిగా ఇవ్వు: కుక్క గాని, పిల్లి గాని కరిచినా గీరినా ఇంట్లో చెబితే తిట్టనని. తిట్లకు జడిసి దాచిన గాయం ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపూ కారం అద్దవద్దు. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా టీకాకు తీసుకెళ్లు. రేబిస్ లక్షణాలు పైకి కనబడ్డాక ఇక చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు.

ఇప్పుడు అసలు పని. కుమ్మరి దగ్గర వెడల్పాటి మట్టి మూకుడు ఒకటి కొని వాడి చేతికివ్వు. అది వాడిదే, నువ్వు ముట్టుకోవద్దు. రోజూ బడికి వెళ్లేముందు పాత నీళ్లు కుండీలో పోసి, మూకుడు పీచుతో తోమి, కొత్త నీళ్లు పోయాలి. నీళ్లు మార్చకపోతే దోమలు గుడ్లు పెడతాయి, పక్కింటివాళ్లతో మాట పడాలి. మధ్యలో ఒక రాయి పెట్టండి, పిచ్చుకలకూ తేనెటీగలకూ వాలడానికి ఆధారం. ఏప్రిల్ ఎండలకు గోరింకలు తప్పకుండా వస్తాయి. కాకి మరీ తమాషా. ఎక్కడిదో ఎండిపోయిన చపాతీ ముక్క తెచ్చి నీళ్లలో వేస్తుంది, ముక్కుతో తిప్పుతుంది, మెత్తబడిందో లేదో చూసుకుని తింటుంది. ఆ ముక్కలతో నీళ్లు పాడవుతాయి, వాడు విసుక్కుంటూ మళ్లీ కడుగుతాడు. కడగనివ్వు. ఒకరోజు మరిచిపోతే నువ్వు పోయకు. ఖాళీ మూకుడు దగ్గరికి వచ్చి పోయే పిట్టను వాడికి చూపించు, చాలు.

రోడ్డు పక్కన గంపలో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసిన కోడిపిల్లలు అమ్ముతుంటారు. పిల్లలు మారాం చేస్తే జాలిపడి కొనకు. మొదటి వారం వాటికి 35 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి. మన అట్టపెట్టెలో రాత్రికే వణికిపోతాయి. నువ్వు ఒకటి కొంటే అతను రేపు ఇంకో గంప తెస్తాడు. ఎందుకు కొనడం లేదో వాడికి విడమరిచి చెప్పు, ఏడిస్తే ఏడవనీ. రామచిలుకను పంజరంలో పెంచడమైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మీ మామగారికి ఈ ముక్క నువ్వే మెల్లగా చెప్పుకో.

సంక్రాంతికి పతంగుల సరదా మాన్పించకు, నూలు దారమే కొను. చైనా మాంజా అనే నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా చాటుగా దొరుకుతూనే ఉంది. అది కుళ్లదు, చెట్లకు వేలాడుతూ నెలల తరబడి రెక్కలు కోస్తుంది. పక్షులు గూళ్లు వదిలే పొద్దునా, తిరిగి చేరే సాయంత్రమూ ఎగరేయవద్దను. గాయపడిన పిట్ట దొరికితే నోట్లో నీళ్లు పోయకుండా, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో చీకటిగా ఉంచి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. పండగ అయ్యాక మేడ మీదా, కింద కొమ్మల మీదా చిక్కుకున్న దారం వాడి చేత ఏరించు, చేతికి గుడ్డ చుట్టి, కరెంటు తీగల వైపు పోనివ్వకుండా. ఆ ఉండను కత్తెరతో ముక్కలు చేశాకే చెత్తబుట్టలో వేయండి.

ఉంటాను,
పెద్దమ్మ