సాచురేషన్ 94 ఉంటే వెంటిలేటర్ ఎందుకు అంటున్నరు?

తమ్మీ, మీ నాయనకు రెండు ఊపిరితిత్తుల్లో నిమోనియా, హై ఫ్లో ఆక్సిజన్ (ముక్కుల గొట్టాలు పెట్టి జోరుగ పంపే ఆక్సిజన్) మీద ఉన్నడు, సాచురేషన్ (రక్తంల ఆక్సిజన్ శాతం) 94 ఉన్నా డాక్టర్ వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు సంతకం చేసి ఉంచుమన్నరు, ఇది నిజమేనా ఊకెనే భయపెడుతున్నరా అని అడిగినవ్. నేను హన్మకొండల ఐసీయూ స్టాఫ్ నర్సును, నర్సంపేట, పరకాల, ములుగు దిక్కుకెళ్లి వచ్చే పేషెంట్ల ఇంటోళ్లు ఇదే మాట అడుగుతుంటరు.

94 ఒక్కటే చూడకు. అది ఎంత ఆక్సిజన్ పెడితే వస్తుంది, దానికి మనిషి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి గుంజుతుండు, రెండూ కలిపి చూడాలె. పొద్దుగాల 40 శాతం ఆక్సిజన్ మీద 94, ఊపిరి 28 అనుకో. 94ను 0.4తో భాగిస్తే 235, దాన్ని 28తో భాగిస్తే 8.4 దాకా వస్తది. రాత్రికి అదే 94 ఉంది కానీ ఆక్సిజన్ 80 శాతానికి పోయింది, ఊపిరి 36 అయింది, ఇప్పుడు లెక్క 3.3 కూడా రాదు. మానిటర్ మీద నంబర్ మారలేదు, మనిషి మాత్రం మస్తు దిగజారిండు. దీన్నే రాక్స్ ఇండెక్స్ అంటరు, నిమోనియాతో హై ఫ్లో మీద ఉన్నోళ్ల మీద స్పెయిన్ డాక్టర్ ఓరియోల్ రోకా వాళ్లు 2019ల వేసిన స్టడీ ప్రకారం 4.88 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ట్యూబ్ (వెంటిలేటర్ కోసం నోట్లకెళ్లి శ్వాసనాళంల వేసే గొట్టం) పడే అవకాశం తక్కువ, హై ఫ్లో పెట్టినంక 2 గంటలకు 2.85, 6 గంటలకు 3.47, 12 గంటలకు 3.85 కంటే కిందికి ఉంటే హై ఫ్లో ఫెయిలయ్యే రిస్క్ ఎక్కువ. నడుమల ఉంటే మళ్లీ మళ్లీ చూసుకుంట పోవుడే.

మానిటర్ చూపించే ఊపిరి నంబర్‌ను నేనైతే పూర్తిగ నమ్మ, పేషెంట్ దగ్గినా కదిలినా అది ఎటో పోతది. మంచం పక్కన నిలబడి వాచీ చూస్కుంట నిండ ఒక నిమిషం ఛాతి లేచుడు లెక్కపెడ్త. అప్పుడే వేరేవి కూడా కనవడతయ్, మెడ కండరాలు బిగుసుకునుడు, గొంతు కింద గుంట లోపలికి పోవుడు, ఊపిరి తీసుకున్నప్పుడు ఛాతి లేస్తుంటే కడుపు లోపలికి గుంజుకపోవుడు. "నీళ్లు కావాలె బిడ్డా" అన్న మాట కూడా ఒక్క దమ్ముల చెప్పలేక రెండు ముక్కలు చేస్తే నేను వెంటనే డ్యూటీ డాక్టర్‌ను పిలుస్త.

ఇంకోటి, ఇది చాలా మందికి తెల్వదు. ఏళ్లకేళ్లు బీడీలు తాగి సీఓపీడీ (ఊపిరితిత్తుల్ల గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలం జబ్బు) వచ్చినోళ్లకు అసలు గండం కార్బన్ డయాక్సైడ్ పెరుగుడు, వేలికి పెట్టే మిషన్ దాన్ని చూపియ్యదు. రాత్రంతా దమ్ముతోని తిప్పలు పడ్డ ఒక పెద్దాయన తెల్లారుజామున సప్పుడు చెయ్యకుంట పండుకుంటే "ఇప్పుడే కునుకు పట్టింది, లేపకున్రి సిస్టర్" అన్నది ఆయన కోడలు. భుజం తట్టినా కండ్లు తెరుస్తలేడు. ఏబీజీ (ధమనిలకెళ్లి రక్తం తీసి చేసే పరీక్ష) తీస్తే పీహెచ్, అంటే రక్తంల ఆమ్లం లెక్క, బాగ తగ్గి 7.2 దగ్గర ఉంది. అది నిద్ర కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరిగి వచ్చిన మత్తు. ఇసొంటోళ్లకు మామూలుగ ముందు బైపాప్ (ట్యూబ్ లేకుంట మాస్కుతోని గాలి నెట్టే మిషన్) పెడ్తరు, గంటకోసారి రెండు గంటలకోసారి చూస్తరు, పీహెచ్ ఎక్కకపోతే, మనిషి తెలివిల లేకపోతే ట్యూబే.

సంతకం ఇప్పుడే ఎందుకంటే, ట్యూబ్ వెయ్యాలంటే తయారీ ఉంటది, మందులు, మత్తు డాక్టర్, మిషన్ అన్నీ రెడీగ ఉండాలె. బీపీ పడిపోయి ఊపిరి ఆగేదాక ఆగి ఉరుకుతే ప్రాణం మీదికొస్తది. హై ఫ్లో మీద 48 గంటలు దాటినంక ఫెయిలై ట్యూబ్ పడ్డోళ్లల్ల చావులు ఎక్కువున్నయని 2015ల కొరియా స్టడీ ఒకటి వచ్చింది. "వెంటిలేటర్ ఎక్కితే ఇగ వాపస్ రాడు" అని మనోళ్లు అంటరు గానీ ఎక్కి దిగి నడుచుకుంట ఇంటికి పోయినోళ్లను నేను శానమందిని చూసిన. సంతకం పెట్టినంత మాత్రాన పెట్టేస్తరని కాదు, అవసరం పడకపోతే ఆ కాయితం ఫైల్లనే ఉంటది.

రేపు రౌండ్‌కు డాక్టర్ వచ్చినప్పుడు ఆక్సిజన్ ఎంత శాతం పెట్టిన్రు, నిన్నటికంటే పెరిగిందా తగ్గిందా, ఊపిరి ఎంత ఉంది, ఏబీజీల పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ ఎంత అని అడుగు. అడిగితే చెప్తరు, తప్పేం లేదు. ఇంకా ఆయన అడుగుతుండు గదా అని నర్సును అడగకుంట చాయ్, నీళ్లు తాపకు, ఇంత దమ్ము మీద ఉన్నప్పుడు పొలమారితే ఊపిరితిత్తుల్లకే పోతది.