ఏటా సీపీఆర్ శిక్షణ ఇస్తున్నా కోడ్ బ్లూ (రోగి గుండె ఆగినప్పుడు ఇచ్చే అత్యవసర పిలుపు) సమయంలో మా సిబ్బంది ఎందుకు తడబడుతున్నారు?

బొమ్మ మీద చక్కగా చేసి చూపించినవాళ్లే రోగి దగ్గర గందరగోళపడుతున్నారని రాశారు. పద్నాలుగేళ్లుగా నర్సును, ఇప్పుడు మెడికల్ వార్డు ఇన్‌ఛార్జిని. నేను చూసినంతలో పని రాక జరిగే ఆలస్యం తక్కువ, పిలవడానికి జంకి చేసే ఆలస్యమే ఎక్కువ.

నేను మొదట పనిచేసిన ఆసుపత్రిలో న్యుమోనియాతో ఒక పెద్దాయన ఉండేవారు. రాత్రి రెండు గంటలకు ఆయన కూతురు వచ్చి, "సిస్టర్, నాన్న పడుకోలేకపోతున్నారు, కూర్చునే ఉంటానంటున్నారు" అంది. వెళ్లి చూస్తే మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నారు. బీపీ బాగానే ఉంది. డ్యూటీ డాక్టరుకు ఫోను చేయబోయాను. అంతకుముందు వారం "బీపీ బాగానే ఉందిగా, దీనికా లేపింది?" అని తిన్న చీవాట్లు గుర్తుకొచ్చి ఆగిపోయాను. ఆక్సిజన్ కాస్త పెంచి వచ్చేశాను. నాలుగున్నరకు కోడ్ బ్లూ. పదిమంది పరుగెత్తుకొచ్చారు గాని ఆయన దక్కలేదు. తెల్లవారాక కేస్ షీటు తిరగేస్తే శ్వాస గడిలో రాత్రంతా 20, 20, 20. పక్క మంచానికీ అంతే. గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టినవాళ్లు లేరు. అందులో రెండు ఇరవైలు నా చేతిరాతే.

గుండె ఆగడానికి గంటల ముందే చాలామందిలో సూచనలు కనిపిస్తాయి. 1990లో సిడ్నీలోని లివర్‌పూల్ ఆసుపత్రి, గుండె ఆగకముందే పిలవడానికని ఒక బృందాన్ని పెట్టింది ఇందుకే. బ్రిటన్‌లో 2012లో వచ్చిన న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) పట్టికలో శ్వాస, బీపీ లాంటివాటికి పాయింట్లు వేస్తారు. దాని ప్రకారం శ్వాస నిమిషానికి 25కు చేరితే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు పడతాయి, డాక్టరుకు చెప్పి తీరాలి. మొత్తం 7 అయితే అత్యవసర బృందం రావాలి. ఇప్పుడు మా వార్డులో ఆ పట్టిక ప్రతి కేస్ షీటులోనూ ఉంటుంది. ఆ అంకె వస్తే నర్సు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, పిలిచినందుకు ఎవరూ మాట అనకూడదు. మొదటి నెల అనవసరపు పిలుపులు వచ్చిన మాట నిజమే. ఒక డాక్టరు విసుక్కుంటే సూపరింటెండెంట్ గారు అందరి ముందే, "వృథాగా పది పిలుపులు వచ్చినా నాకు ఫరవాలేదు" అన్నారు. ఆ ఒక్క మాట మా నర్సు పిల్లలకు ఎన్ని తరగతులు పెట్టినా రాని ధైర్యం ఇచ్చింది.

ఇక డ్రిల్లులు. ముందుగా చెప్పి, మధ్యాహ్నం పూట, ఫొటోలు తీసుకుంటూ చేసేవి దండగ. మేము చెప్పకుండా తెల్లవారుజామున మూడింటికి చేశాం. క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, పరికరాలు ఉండే బండి) తాళంచెవి నా బీరువాలో ఉంది, నేనేమో ఇంట్లో ఉన్నాను. గొంతులోకి చూసి శ్వాస గొట్టం వేయడానికి వాడే లారింగోస్కోప్ లైటు వెలగలేదు. ఆ మర్నాడే తాళం తీసేసి, లాగితే తెగే నంబరున్న ప్లాస్టిక్ సీలు వేశాం. ప్రతి షిఫ్టులో ఆ నంబరు, లైటు చూసి రిజిస్టరులో రాస్తారు. డ్యూటీ అప్పగించేటప్పుడే ఛాతీ ఎవరు నొక్కాలి, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ ఎవరు పట్టాలి, మందులు ఎవరు ఇవ్వాలి, టైము ఎవరు రాయాలి అన్నది పేర్లతో బోర్డు మీద పడుతుంది. టైము రాయడం చిన్న పని అనుకోకండి. నొక్కే మనిషిని రెండు నిమిషాలకోసారి మార్చాలన్నా, అడ్రినలిన్ మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి పడాలన్నా ఆ కాగితమే ఆధారం.

ఒక పీట కూడా కొనండి. నాలాంటి పొట్టివాళ్లకు మంచం ఎత్తు. మోచేతులు వంగితే ఛాతీ ఐదు సెంటీమీటర్లు దిగదు. మా పీట కార్ట్ కింది అరలోనే ఉంటుంది.

లిఫ్టు ఆపి ఉంచే పని రాత్రి సెక్యూరిటీ ఆయనకు అప్పగించండి. మాకు మూడో డ్రిల్లు దాకా ఆ సంగతే తట్టలేదు.