హ్యాండ్‌బ్రేక్ వేసిన కారు పది నిమిషాలకు జారిందేం?

ప్రశ్న: చెర్వుగట్టు ఎక్కే దారిలో కారు ఆపి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి దిగాం. పది నిమిషాలకు కుదుపు కుదుపుగా వెనక్కి జారింది. టైరు కింద రాయి పెట్టి ఆపాం. లివరు 11 క్లిక్కుల దాకా లేస్తోంది. రెండు నెలల కిందటే మెకానిక్ కేబుల్ బిగించాడు. వెనక డ్రమ్ బ్రేకులు.
– ఒక పాఠకుడు, నార్కట్‌పల్లి

జవాబు: కుదుపు కుదుపుగా అన్నారు చూడండి, గుట్టంతా అందులోనే ఉంది. హ్యాండ్‌బ్రేక్ సరిగా పట్టనే లేదు. అంతసేపూ కారును ఆపింది ఇంజిన్. సిలిండర్‌లో నొక్కుకున్న గాలి పిస్టన్ రింగుల సందుల్లోంచి మెల్లగా జారిపోతుంది. అది పోగానే ఇంజిన్ కాస్త తిరిగి, తర్వాతి సిలిండర్ దగ్గర మళ్లీ ఆగుతుంది. గేరును తోడుగా వాడాలే తప్ప దాని మీదే బండిని వదిలేయకూడదు.

ఇక కేబుల్ సంగతి. లివరు అంత ఎత్తు లేస్తోందంటే చాలాసార్లు లోపల డ్రమ్ముకు ఒత్తుకుని చక్రాన్ని ఆపే బ్రేక్ షూలు అరిగి డ్రమ్ముకు దూరమై ఉంటాయి, ఆ సందును పూడ్చాల్సిన ఆటో అడ్జస్టర్ దుమ్ముకో తుప్పుకో పట్టేసి ఉంటుంది. అప్పుడు పైపైన కేబుల్ బిగిస్తే షూలు పూర్తిగా వెనక్కి రావు, అడ్జస్టర్ ఇక కదలదు. కొన్నాళ్లు బాగున్నట్టే ఉండి మళ్లీ మొదటికొస్తుంది.

ఈసారి ముందుగా కేబుల్ నట్టు వదులు చేయించండి. డ్రమ్ములు ఊడదీసి షూల మీది లైనింగ్ (రాపిడి పొర) మందం చూడాలి. షూల మీద తడి కనిపిస్తే ఫుట్‌బ్రేక్ తొక్కినప్పుడు షూలను నెట్టే వీల్ సిలిండర్ కారుతున్నట్టే. తుడిచి బిగిస్తానంటే ఒప్పుకోకండి, షూలు మార్చాల్సిందే. అడ్జస్టర్ శుభ్రం చేసి అన్నీ బిగించాక ఫుట్‌బ్రేక్ పదిహేను ఇరవైసార్లు తొక్కితే షూలు డ్రమ్ముకు దగ్గరవుతాయి. కేబుల్ బిగించడం ఆ తర్వాతే. చాలా కార్లకు 4 నుంచి 7 క్లిక్కులు; మీ మోడల్ లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. లివరు దించాక వెనక చక్రాలు చేత్తో తేలిగ్గా తిరగాలి.

గుట్ట దారిలో ఆపినప్పుడు స్టీరింగు కొండ వైపు తిప్పి ఉంచండి. ముందుకు జారినా వెనక్కి జారినా బండి అటే మళ్లుతుంది.

ప్రశ్న: మాది ఆటోమేటిక్ కారు. ఏటవాలులో ‘పి’ (పార్క్)లోంచి తీస్తుంటే గట్టిగా టక్కుమంటోంది.
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: బండి బరువంతా గేర్‌బాక్సులోని పార్కింగ్ పాల్ అనే చిన్న ఇనుప కొక్కెం మీద పడుతోంది. బ్రేక్ తొక్కి ‘ఎన్’ (న్యూట్రల్)లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, కాలు మెల్లగా వదలండి. బండి నిలిచిందని చూసుకుని, మళ్లీ బ్రేక్ తొక్కి ‘పి’లో పెట్టండి. డాష్‌బోర్డు మీద ‘పి’ కనిపించాకే ఇంజిన్ ఆపి దిగాలి. 2016లో ఫియట్ క్రిస్లర్ దాదాపు 11 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది ఇందుకే: గేర్ లివరు ఎటు జరిపినా మధ్యకే వచ్చేది, ‘పి’ పడిందో లేదో చేతికి తెలిసేది కాదు. 2022లో ఫోర్డ్ పిలిచిన 29 లక్షల బండ్లలో లోపం గేర్ లివరును గేర్‌బాక్సుతో కలిపే షిఫ్ట్ కేబుల్‌ను పట్టి ఉంచే బుష్‌ది. అది ఊడితే లివరు ‘పి’లో ఉన్నా గేర్‌బాక్సు వేరే గేరులో ఉండొచ్చు. మీ గేర్ లివరు వదులుగా ఆడుతుంటే ఆ బుష్ కూడా చూపించండి.