పురుగుమందు డబ్బా మూత తీసే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

తోటలకు మందు కొట్టించే పనీ, ఆ మందులు దాచే గది తాళమూ ఈ పంటకాలం నుంచి నీ చేతికి వస్తున్నాయని రాశావు. ఆర్గానోఫాస్ఫేట్ మందులంటే, అంటే భాస్వరం ఉన్న ఒక పురుగుమందుల కుటుంబమంటే, ఏమిటో, వాటితో ఎలా మసలుకోవాలో చెప్పమని అడిగావు. ముప్పై ఏళ్లకు పైగా ఆ డబ్బాల మధ్యనే పని చేసినవాణ్ణి కాబట్టి నాకు గట్టిగా తెలిసినవన్నీ రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట మనసులో నాటుకోవాలి. ఈ మందు చర్మం మీద పడితే మండదు, దురద పెట్టదు. తడి తగిలినట్టు ఉంటుంది, అంతే. కాబట్టి ఒంటికి ఏమీ తెలియలేదు గనుక ఏమీ కాలేదని ఎన్నడూ అనుకోవద్దు. కింద రాసే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే పుట్టాయి.

ఈ కుటుంబంలో పేరుమోసిన పారాథియాన్‌ను 1944లో జర్మనీలో గెర్హార్డ్ ష్రేడర్ అనే రసాయన శాస్త్రవేత్త తయారు చేశాడు. ఆయన అంతకుముందే, కొత్త పురుగుమందుల కోసం వెతుకుతూ, 1936లో టాబున్‌నూ, 1938లో సహచరులతో కలిసి సారిన్‌నూ కనిపెట్టాడు. ఆ రెండూ తర్వాత యుద్ధాల కోసం నిలవ చేసిన విషాలయ్యాయి. మన గదిలోని మందులకు వాటితో ఉన్న చుట్టరికం మాటవరసకు చెప్పేది కాదు. శరీరంలో అవి దెబ్బతీసే చోటు ఒక్కటే, దెబ్బతీసే తీరూ ఒక్కటే.

ఆ తీరు ఎలాంటిదో తెలిస్తే మిగతావన్నీ నీకే అర్థమవుతాయి. నరం ఒక కండరానికో గ్రంథికో కబురు పంపాలంటే తన చివర ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. కబురు చేరిన మరుక్షణం ఆ పదార్థాన్ని విరగ్గొట్టడానికి కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ అక్కడే సిద్ధంగా ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ పోయి ఆ ఎంజైమ్‌కు అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. ఇక ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయి, కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. గ్రంథులు ఊరడం ఆపవు కనుక నోట చొంగ, కంట నీరు, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల్లో గళ్ల చేరతాయి. కండరాలు మొదట అదిరి అదిరి, తర్వాత అలిసిపోయి చచ్చుబడతాయి. ఇలా విషమెక్కిన మనిషి పోయేది ఎక్కువగా ఊపిరి అందకే.

పారాథియాన్, క్లోరిపైరిఫాస్ వంటి మందుల్లో భాస్వరానికి గంధకం అతికి ఉంటుంది. కాలేయం ఆ గంధకాన్ని తీసి, దాని చోట ఆక్సిజన్‌ను పెట్టాకే అసలు విషం తయారవుతుంది. అందువల్ల పొద్దున ఒంటికి తగిలిన మందు రాత్రికి గానీ బయటపడకపోవచ్చు. మోనోక్రోటోఫాస్, డైక్లోర్‌వాస్ వంటివాటికి ఆ మార్పుతో పని లేదు. అవి వచ్చేటప్పుడే విషంగా వస్తాయి. ఏదైనా సరే, పోయిన ఎంజైమ్‌ను శరీరం మళ్లీ తయారు చేసుకోవడానికి వారాలు పడుతుంది. ఇవాళ కొంచెం, ఎల్లుండి కొంచెం తగులుతూ పోతే ఏ రోజూ ఏమీ కాలేదనిపించి, పదో రోజున చాలా చిన్న మోతాదుకే మనిషి కూలిపోతాడు.

కుటుంబం ఒకటే గాని బలాబలాలు ఒకటి కావు. ప్రయోగంలో సగం ఎలుకలు చనిపోవడానికి వాటి బరువులో కిలోకు ఎన్ని మిల్లీగ్రాముల మందు నోటి ద్వారా ఇవ్వాల్సి వచ్చిందన్నది కొలత. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఫోరేట్‌కు ఆ అంకె 2, పారాథియాన్‌కు 13, మోనోక్రోటోఫాస్‌కు 14, క్లోరిపైరిఫాస్‌కు 135, మలాథియాన్‌కు 2100. అంకె ఎంత చిన్నదైతే మందు అంత భయంకరం. అలాగని మలాథియాన్‌ను నీళ్లలా చూడకూడదు. 1976లో పాకిస్తాన్‌లో దోమల నివారణకు మలాథియాన్ చల్లిన సుమారు 7500 మంది పనివాళ్లలో 2800 మంది దాకా జబ్బుపడ్డారు, ఐదుగురు చనిపోయారు. ఆ మందులో ఐసోమలాథియాన్ అనే కల్మషం చేరి, మలాథియాన్‌ను విరిచేసి బయటికి పంపే శక్తిని శరీరానికి లేకుండా చేసింది. వేడిలో నిలవ ఉన్న మలాథియాన్‌లో ఆ కల్మషం పెరుగుతుంది. నీ గది కప్పు ఎండకు కాగేదైతే ముందు ఆ సంగతి చూడు. గాలి ఆడుతూ, చల్లగా, తాళం పడే గది కావాలి. గడువు దాటిన డబ్బాలను వేరు చేసి, ఎవరూ తీయకుండా పక్కన పెట్టించాలి.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు ఇరవై మూడేళ్లప్పుడు వీపున మోసే స్ప్రేయర్‌తో రోజంతా మందు కొట్టాను. మూతలోని రబ్బరు వాషరు ఒక పక్క చీలి ఉంది. నేను వంగినప్పుడల్లా రెండు మూడు చుక్కలు మెడ కింద నుంచి వీపున జారేవి. చెమట అనుకున్నాను. ఆ తడి నడుము దాటి లాగు దాకా దిగింది, సాయంత్రం దాకా అవే బట్టలతో ఉన్నాను. చీకటి పడ్డాక తలనొప్పి మొదలై కళ్లు మసకబారాయి, రెండుసార్లు వాంతి అయింది. కూర్చుని చూసుకుంటే తొడ మీద చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు కండరం దానంతట అదే అదురుతోంది. తోటి పనివాడు నా మొహాన లైటు వేసి చూసి, కనుపాపలు గుండుసూది మొనంతే ఉన్నాయని కేకపెట్టాడు. ఆ కేక వల్లనే నేను ఆసుపత్రికి చేరాను.

ఆ చీలిన వాషరు నన్ను అంత దెబ్బ ఎందుకు తీసిందో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పారాథియాన్‌ను మనుషుల చర్మం మీద వేర్వేరు చోట్ల అతి కొద్దిగా రాసి, ఎంత లోపలికి దిగిందో కొలిచిన పరీక్ష ఒకటి ఉంది. ముంజేతి నుంచి 9 శాతం లోపే దిగింది. నుదుటి నుంచి దానికి 4 రెట్లు, చెవి రంధ్రం నుంచి 5 రెట్లు, వృషణాల చర్మం నుంచి దాదాపు 12 రెట్లు దిగింది. చేతులకు తొడుగులు వేసుకుని, లాగు తడిసినా పట్టించుకోకుండా తిరిగేవాడు ఏం కాపాడుకుంటున్నట్టు? కాబట్టి పని మొదలుపెట్టే ముందు స్ప్రేయర్‌లో ఉత్త నీళ్లు పోసి, మూత బిగించి, పక్కకు వంచి చూడు. ఒక్క చుక్క కారినా ఆ రోజు ఆ స్ప్రేయర్ వాడకూడదు. పనిలో బట్ట తడిస్తే ఆ వరస పూర్తయ్యేదాకా ఆగకుండా, అక్కడికక్కడే విప్పి, సబ్బు నీళ్లతో కడుక్కుని, వేరే బట్ట కట్టుకోవాలి. రెండో జత బట్టలు, సబ్బు, శుభ్రమైన నీళ్లు పని జరిగే చోటే ఉండాలి.

తొడుగులు నైట్రైల్‌వి తీసుకో. డబ్బాల్లోని ద్రవ మందుల్లో చాలావాటికి జైలీన్ వంటి ద్రావకాలు కలుపుతారు; అవి పలుచని రబ్బరు తొడుగుల గుండా దిగిపోతాయి. తోలు చెప్పులు, తోలు బెల్టు అసలు వద్దు, ఎందుకంటే తోలు పీల్చిన మందు ఎంత కడిగినా పోదు. రబ్బరు బూట్లు వేసుకుని, లాగు అంచులు బూట్ల పైకి ఉండేలా వదలాలి. లోపలికి దోపితే కారిన మందంతా బూటులోకి దిగుతుంది. పని అయ్యాక తొడుగులు చేతికి ఉండగానే బయటివైపు సబ్బుతో కడిగి, ఆ తర్వాత తీయాలి. పని బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు.

ప్రమాదమంతా కలిపే గడియలోనే ఎక్కువ, ఎందుకంటే అప్పుడు నీ చేతిలో ఉండేది నీళ్లు కలవని చిక్కని మందు. గాలి వీపుకు తగిలేలా నిలబడి, ట్యాంకులో సగం నీళ్లు పోశాక, కొలపాత్రను నడుము ఎత్తున పట్టుకుని మందు పోసి, తర్వాత మిగతా నీళ్లు నింపాలి. కళ్లకు అద్దాలు ఉండాలి. సున్నం కలిసిన మందులతో వీటిని కలపకూడదు. క్షారం తగిలితే ఇవి విరిగిపోయి పురుగు మీద పని చేయవు. ఆ గుణమే మనకు మరోచోట మేలు చేస్తుంది: ఒంటి మీద పడినదాన్ని ఉత్త నీళ్ల కంటే సబ్బు నీళ్లు బాగా వదిలిస్తాయి. నేల మీద ఒలికితే నీళ్లు కొట్టి పారించకుండా, పొడి ఇసుక చల్లి పీల్చనిచ్చి, ఎత్తి వేరే డబ్బాలో మూసిపెట్టాలి. నాజిల్‌లో నలక అడ్డుపడితే నోటితో ఊదడం ఎన్నో చోట్ల చూశాను. ఎవరు ఊదబోయినా అప్పటికప్పుడు ఆపు. మెత్తని బ్రష్షు, అదనపు నాజిల్ ఒకటి ప్రతి మనిషి దగ్గరా ఉంచు.

ఖాళీ డబ్బాలను మూడుసార్లు నీళ్లతో కడిగి, ఆ నీళ్లను ట్యాంకులోనే పోసి, డబ్బాకు అడుగున చిల్లు పొడిచెయ్యాలి. చిల్లు లేని డబ్బా ఎప్పటికైనా ఎవరి ఇంట్లోనో నీళ్ల పాత్ర అవుతుంది. కాల్చకూడదు, పొగ కూడా విషమే. ఒక డబ్బాలోని మందును వేరే సీసాలోకి మార్చకూడదు.

ఇవి డీడీటీలాగా ఏళ్ల తరబడి నిలవవనీ, త్వరగా విరిగిపోతాయనీ చెప్పేది నిజమే గాని, ఆ లోపల చేసే నష్టం తక్కువ కాదు. అర్జెంటీనాలో 1995-96 కాలంలో మిడతల కోసం చల్లిన మోనోక్రోటోఫాస్ వల్ల స్వెయిన్సన్ డేగలు వేలాదిగా చచ్చిపోయాయి. తేనెటీగలు పూల మీద ఉన్న వేళ కొట్టించకు. మందు పడ్డ తోటలోకి లేబుల్ మీద రాసిన గడువు తీరేదాకా మనుషులను పంపకు.

ఎవరికైనా విషమెక్కిందని అనుమానం వస్తే ముందు నువ్వు తొడుగులు వేసుకుని, అతణ్ణి గాలిలోకి తెచ్చి, బట్టలన్నీ తీసి, తల వెంట్రుకలతో సహా సబ్బుతో కడుగు. వాంతి చేయించకు, ఉప్పునీళ్లు తాగించకు; వాంతితో మందులోని ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. ఎడమ పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, డబ్బా లేబుల్‌తో సహా ఆసుపత్రికి చేర్చు. ఏ మందో, ఎన్ని గంటలకు తగిలిందో వైద్యుడికి చెప్పడం చాలా అవసరం. స్రావాలను ఆపడానికి వాళ్లు అట్రోపిన్ ఇస్తారు. ఎంజైమ్‌కు అతుక్కున్న విషాన్ని విడిపించే ప్రాలిడాక్సిమ్ మాత్రం ఆలస్యమైతే పని చేయదు, ఎందుకంటే గంటలు గడిచేకొద్దీ ఆ అతుకు గట్టిపడుతుంది. తేరుకున్నాడని మర్నాడే ఇంటికి తీసుకొస్తామని బంధువులు పట్టుబడితే ఒప్పుకోవద్దు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ ఎత్తలేకపోవడం, భుజాలు, తొడలు పట్టు తప్పడం, ఊపిరి మందగించడం కొందరిలో వస్తుంది. అప్పటికి చొంగ, చెమట అన్నీ తగ్గి ఉంటాయి కనుక చూసేవాళ్లు మోసపోతారు. రోజుకు కొన్నిసార్లు దిండు మీది నుంచి తల ఎత్తమని అడిగి చూడమని వైద్యులను కోరు.

చివరగా, మందు కొట్టే కాలం మొదలుకాక ముందే నీకూ, నీ కింద పని చేసే ప్రతి మనిషికీ కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించు. ఈ పరీక్షలో అందరికీ వర్తించే అంకె కంటే, ఆ మనిషి మందు ముట్టుకోక ముందు ఎంత ఉండేదన్నదే ముఖ్యం. కాలిఫోర్నియాలో నిబంధన ఇలా ఉంది: ఎర్ర రక్తకణాల్లోని ఎంజైమ్ మొదటి అంకెలో 70 శాతానికో, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలోనిది 60 శాతానికో పడిపోతే ఆ మనిషిని మందు పని నుంచి తప్పిస్తారు, మళ్లీ 80 శాతానికి వచ్చేదాకా తిరిగి పెట్టరు. నువ్వూ అదే పాటించు. తప్పించిన రోజులకు అతనికి వేరే పని చూపించి కూలి పూర్తిగా ఇవ్వు, లేకపోతే ఒంట్లో బాగాలేదని ఎవరూ నీతో చెప్పరు. ఆ మొదటి అంకెలను రిజిస్టరు మొదటి పేజీలో, పేరు పక్కన తేదీతో సహా రాయించు. వచ్చే నెల నేను అక్కడికి వచ్చినప్పుడు ముందుగా ఆ పేజీ, తర్వాత స్ప్రేయర్ల మూతలు చూస్తాను.

ఇట్లు
మీ పెదనాన్న