ఇంగ్లీష్ సందేహాలు: ఇఫ్, వెన్, వైల్, లెస్ట్ తర్వాత 'బి' క్రియ

ప్రశ్న: 'ఐ విల్ కాల్ యూ వెన్ ఐ విల్ బి ఫ్రీ' అని మెయిల్ రాస్తే, మా పై అధికారి 'వెన్ ఐ యామ్ ఫ్రీ' అని దిద్దారు. ఖాళీ దొరికేది రేపే కదా, 'యామ్' ఎలా సరిపోతుంది? ఆయనే ఇంకో మెయిల్లో 'ఐ డోంట్ నో వెన్ ఐ విల్ బి ఫ్రీ' అని రాశారు. అది ఒప్పెలా అయింది?

జవాబు: ఆయన రాసిన రెండూ ఒప్పే. ఆ రెండు 'వెన్'లూ ఒకటి కావు, అంతే. తెలుగులో చెప్పుకుని చూడండి. మొదటిది 'ఖాళీ అయినప్పుడు ఫోన్ చేస్తాను'. రెండోది 'ఎప్పుడు ఖాళీగా ఉంటానో తెలియదు'. ఆ 'ఉంటానో'లోని 'ఓ'ను పట్టుకోండి. అది ఉందంటే వాక్యం లోపల ఒక ప్రశ్న దాగి ఉన్నట్టు. అక్కడ రేపటి సంగతికి 'విల్ బి' ఉండాల్సిందే. అలా కాకుండా 'అప్పుడు', 'గానే', 'దాకా', 'తే' వచ్చాయంటే 'విల్ బి' తీసేసి, 'బి' క్రియ రూపాలైన యామ్, ఈజ్, ఆర్‌లలో ఒకటి వాడాలి.

కారణం కూడా తెలుగులోనే కనిపిస్తుంది. 'ఖాళీ అయినప్పుడు' అన్న మాటలో 'అయిన' అనేది జరిగిపోయినదాన్ని చెప్పే రూపం. అయినా రేపటి సంగతేనని మనకు అర్థమవుతోంది, ఎందుకంటే చివర 'చేస్తాను' ఉంది. కాలం చెప్పే పని ప్రధాన వాక్యానిది. ఇంగ్లీషులోనూ 'ఐ విల్ కాల్' ఆ పని చేసేసింది, 'వెన్' తర్వాత మళ్లీ చెప్పనక్కర్లేదు.

'ఇఫ్' సంగతీ ఇంతే. 'ఇంట్లో ఉంటే కలుస్తాను' అంటే 'ఇఫ్ హి ఈజ్ ఎట్ హోమ్, ఐ విల్ మీట్ హిమ్'. 'ఇంట్లో ఉంటాడో లేదో తెలియదు' అంటే 'ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ బి ఎట్ హోమ్'. అనుమానం వస్తే 'ఇఫ్' తీసి, 'అవునో కాదో' అనే అర్థమిచ్చే 'వెదర్' పెట్టి చదవండి. అర్థం చెడకపోతే అది 'ఓ' రకం. అన్‌టిల్, బిఫోర్, ఆఫ్టర్, యాజ్ సూన్ యాజ్ - వీటికి ఈ ప్రశ్న అర్థం లేదు, కాబట్టి రేపటి సంగతి చెబుతున్నా ఈజ్, ఆర్‌లతోనే సరిపెట్టండి. 'ఇఫ్ యూ విల్ బి కైండ్ ఎనఫ్ టు వెయిట్' లాంటి మర్యాద వాక్యాల్లో 'విల్' కనిపిస్తుంది కానీ, అది దయచేసి అనే అర్థంలో వచ్చింది, రేపటిని చెప్పడానికి కాదు.

అన్నట్టు, 'అన్‌లెస్' వాడేటప్పుడు ఇంకో జాగ్రత్త. దానిలోనే 'కాకపోతే' ఉంది. 'మీరు ఆరింటికల్లా సిద్ధంగా లేకపోతే ఆలస్యమవుతుంది' అనడానికి 'అన్‌లెస్ యూ ఆర్ నాట్ రెడీ బై సిక్స్' అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. 'అన్‌లెస్ యూ ఆర్ రెడీ' చాలు.

ప్రశ్న: 'ఐ' పక్కన 'వాజ్' రావాలి కదా, 'ఇఫ్ ఐ వర్ యూ' అని ఎందుకంటారు? 'ఇఫ్ ఐ వాజ్' అంటే ఎప్పుడూ తప్పేనా?

జవాబు: ఎప్పుడూ తప్పు కాదు. కొన్నిచోట్ల 'వాజ్' మాత్రమే ఒప్పు.

'నేనే మీరైతే ఇంకొన్నాళ్లు ఆగేవాణ్ణి' అన్నప్పుడు నేను మీరు కాలేను, అది ఉత్త ఊహ. దీనికి 'ఇఫ్ ఐ వర్ యూ, ఐ వుడ్ వెయిట్'. 'నిన్న దురుసుగా మాట్లాడి ఉంటే క్షమించండి' అన్నది ఊహ కాదు, నిజంగానే జరిగి ఉండొచ్చు. దీనికి 'ఇఫ్ ఐ వాజ్ రూడ్ యెస్టర్‌డే, ఐ యామ్ సారీ'. ఇక్కడ 'వర్' పెడితే తప్పు. తేడా 'ఇఫ్' ఉన్న ఉపవాక్యంలో దొరకదు, ప్రధాన వాక్యంలో వెతకండి. షరతు చెప్పాక 'ఆగేవాణ్ణి', 'చెప్పేదాన్ని' లాంటి క్రియ వస్తే ఇంగ్లీషులో 'వుడ్' వస్తుంది. అలా ప్రధాన వాక్యంలో 'వుడ్' ఉంటే, 'ఇఫ్' వైపు ఇవాళ్టి ఊహ అయితే 'వర్', నిన్నటి ఊహ అయితే 'హ్యాడ్ బీన్'. 'నిన్న ఆయన ఉండి ఉంటే చెప్పేదాన్ని' - 'ఇఫ్ హి హ్యాడ్ బీన్ దేర్, ఐ వుడ్ హావ్ టోల్డ్ హిమ్'. రెండువైపులా 'వుడ్' పెట్టి 'ఇఫ్ హి వుడ్ హావ్ బీన్ దేర్' అని రాయడం చాలామంది చేసే పొరపాటు.

మాటల్లో 'ఇఫ్ ఐ వాజ్ రిచ్' అనేవాళ్లు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లలోనూ ఎందరో ఉన్నారు. దాన్ని తప్పని దిద్దబోకండి. పరీక్షలో, దరఖాస్తులో మాత్రం 'వర్' రాయడమే మంచిది.

'వర్' నేర్చుకున్న కొత్తలో 'ఇఫ్' కనిపించిన ప్రతిచోటా దాన్ని అతికించేవాళ్లుంటారు. 'నేను సిద్ధంగా ఉన్నానో లేదో అడిగింది' అనడానికి 'షి ఆస్క్డ్ ఇఫ్ ఐ వర్ రెడీ' అని రాయకండి. మళ్లీ ఆ 'ఓ' వచ్చింది చూశారా? అక్కడ 'వాజ్' రావాలి.

'యాజ్ ఇఫ్' తర్వాత 'వర్', 'ఈజ్' రెండూ వస్తాయి, అర్థం మారుతుంది. 'హి టాక్స్ యాజ్ ఇఫ్ హి వర్ ద ఓనర్' అంటే ఓనరు కాడని మనకు తెలుసు. 'ఇట్ లుక్స్ యాజ్ ఇఫ్ ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్' అంటే వాన నిజంగానే వచ్చేట్టుంది. ఇక 'ఇఫ్' తీసేసి క్రియను ముందుకు తెచ్చే 'వర్ ఐ ఇన్ యువర్ ప్లేస్' వాక్యంలో 'వాజ్' అసలు కుదరదు.

ప్రశ్న: 'వైల్ వాకింగ్ ఆన్ ద రోడ్, ఎ డాగ్ బిట్ మి' అని రాస్తే మార్కులు తీసేశారు. 'వైల్ ఐ వాజ్ వాకింగ్' అని పూర్తిగా రాయాలన్నారు. మరి 'ఇఫ్ నెసెసరీ' అన్నచోట క్రియే లేదు కదా?

జవాబు: మీ వాక్యాన్ని తెలుగులో రెండు రకాలుగా చెప్పి చూడండి. 'రోడ్డు మీద నడుస్తుంటే కుక్క నన్ను కరిచింది.' ఇది బాగుంది. 'రోడ్డు మీద నడుస్తూ కుక్క నన్ను కరిచింది.' ఇప్పుడు నడుస్తున్నది కుక్క అయింది! 'నడుస్తూ' అన్నామంటే రెండు పనులూ ఒక్కరే చేయాలి. 'నడుస్తుంటే' అన్నప్పుడు ఇద్దరు వేరైనా ఫర్వాలేదు. ఇంగ్లీషులో 'వైల్ వాకింగ్' సరిగ్గా మన 'నడుస్తూ' లాంటిది. కర్తలు వేరైతే, తీసేసిన 'ఐ వాజ్'ను తిరిగి పెట్టక తప్పదు. 'వైల్ వాకింగ్ ఆన్ ద రోడ్, ఐ సా ఎ డాగ్' అని ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు.

ఇఫ్, వెన్, వైల్, దో, వన్స్ తర్వాత కర్తనూ 'బి' క్రియనూ కలిపి తీసేయొచ్చు: 'వెన్ ఇన్ డౌట్', 'దో టైర్డ్'. రెంటిలో ఒకటి తీసి ఒకటి ఉంచకూడదు. 'ఇఫ్ నెసెసరీ', 'ఇఫ్ పాజిబుల్'లలో పోయింది 'ఇట్ ఈజ్', కాబట్టి వాటికి కర్త కలవాలన్న నియమం లేదు. 'బికాజ్' వెంట ఇలా తీసేయడం కుదరదు. 'బికాజ్ ఇల్' అనకుండా 'బికాజ్ ఐ వాజ్ ఇల్' అని పూర్తిగా రాయండి. మందు సీసాల మీద 'వన్స్ ఓపెన్డ్' అని చూసి 'ఆఫ్టర్ ఓపెన్డ్' అని రాసేవాళ్లున్నారు. ఆఫ్టర్, బిఫోర్‌లకు 'బీయింగ్' తగిలించాలి: 'ఆఫ్టర్ బీయింగ్ ఓపెన్డ్'.

ప్రశ్న: 'లెస్ట్ హి షుడ్ బి లేట్', 'లెస్ట్ హి బి లేట్' - ఏది ఒప్పు?

జవాబు: రెండూ. 'ఆలస్యమవుతుందేమోనని' అన్న భయం 'లెస్ట్'లోనే ఉంది, కాబట్టి దాని తర్వాత 'నాట్' పెట్టొద్దు, 'విల్ బి' కూడా రాదు. పరీక్షల్లో ఎక్కువగా 'షుడ్' అడుగుతారు. రెండో వాక్యంలో ఏ మార్పూ లేకుండా నిలబడ్డ 'బి' ఉంది చూడండి, అది పట్టుదల, ఆవశ్యకత చెప్పే మాటల తర్వాత 'దట్' వెంట కూడా వస్తుంది. 'హి ఇన్‌సిస్టెడ్ దట్ షి బి ప్రెజెంట్' అంటే ఆమె ఉండి తీరాలని పట్టుబట్టాడు. 'దట్ షి వాజ్ ప్రెజెంట్' అంటే ఆమె అక్కడ ఉందని గట్టిగా వాదించాడు. ఒక్క క్రియారూపం మారేసరికి ఆజ్ఞ కాస్తా సాక్ష్యమైపోయింది.

ప్రశ్న: 'చిన్నప్పటి నుంచి ఆమె నాకు తెలుసు' అనడానికి 'సిన్స్ ఐ యామ్ ఎ చైల్డ్' అనవచ్చా?

జవాబు: అనకూడదు. బాల్యం అయిపోయింది కాబట్టి 'వాజ్'. అలాగే 'తెలుసు'కు 'నో' కాకుండా 'హావ్ నోన్': 'ఐ హావ్ నోన్ హర్ సిన్స్ ఐ వాజ్ ఎ చైల్డ్'. ఇంకా కొనసాగుతున్న స్థితి అయితే 'సిన్స్' తర్వాత 'హావ్ బీన్' వస్తుంది. 'సిన్స్ ఐ హావ్ బీన్ హియర్' అన్నారంటే మీరు ఇప్పటికీ అక్కడే ఉన్నారన్నమాట.